తడి వడ్ల లెక్క

ఈసారి ఈఏపీసెట్‌లో మా మేనకోడలికి వచ్చిన ర్యాంకు గొప్పదీ కాదు, తీసిపారేయదగ్గదీ కాదు. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకోవలసిన వారంలో ఆమె మిర్యాలగూడలోని మా ఇంటికి వచ్చింది. దేవరకొండ దగ్గర బత్తాయి తోట చేసుకునే మా బావ సంగతి ముందే తేల్చేసి పంపాడు. సీఎస్ఈ వస్తే సీఎస్ఈ, రాకపోతే పేరులో ఎక్కడో ఒకచోట కంప్యూటర్ ఉన్న ఇంకో బ్రాంచి. ఆ రెండూ కుదరకపోతే ఏం చేయాలో ఆయన చెప్పలేదు గనుక, ఆ మిగిలిన భాగం నాకు వదిలిపెట్టినట్టే లెక్క. అన్నం తిని చేతులు కడుక్కుంటూ ఆ పిల్ల అడిగింది: "మామా, నువ్వు చదివింది కెమికలే గదా. నాకు కెమిస్ట్రీల మంచిగ మార్కులొచ్చినయ్. తీసుకోవాల్నా?"

మన దగ్గర ఈ కోర్సు చుట్టూ అల్లుకున్న పొరపాటంతా ఆ ప్రశ్నలోనే ఉంది. కెమికల్ ఇంజినీరింగ్ అంటే పెద్ద ఎత్తున కెమిస్ట్రీ అనుకుని చేరేవాళ్లు, కెమిస్ట్రీ అంటే భయపడి చేరకుండా ఆగిపోయేవాళ్లు, ఇద్దరూ మోసపోతారు. ప్రవేశ పరీక్షలోని 160 ప్రశ్నల్లో 80 గణితానివే, కెమిస్ట్రీవి 40. లోపలికి వెళ్లాక కెమిస్ట్రీ పాలు ఇంకా తగ్గుతుంది. నాలుగేళ్లలో అచ్చంగా కెమిస్ట్రీ అనదగ్గ పేపర్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగిలినదంతా పైపులో ద్రవం పారడానికి ఎంత పంపు కావాలి, గోడ గుండా వేడి ఎంత వేగంగా దాటుతుంది, ఒక వాయువులోని పదార్థం ఇంకో ద్రవంలోకి ఎలా వెళ్తుంది, చర్య జరిగే పాత్ర ఎంత పెద్దదిగా ఉండాలి అనే ప్రశ్నలే. ఫ్లాస్కులో ఒక చర్య జరుగుతుందా, ఎందుకు జరుగుతుంది అన్నది కెమిస్టు తేలుస్తాడు. అదే చర్యను రోజుకు పది టన్నుల చొప్పున, ఎవరి ప్రాణానికీ ముప్పు లేకుండా, పెట్టిన ఖర్చు తిరిగి వచ్చేలా జరిపించడం ఇంజినీరు పని. ఈ రెండు పనుల నడుమ ఉన్న దూరం బయటి నుంచి చూసేవాళ్లకు కనిపించదు.

నేను చెప్పదలచుకున్నది అక్కడితో ఆగదు. ఈ చదువును మనం తరగతి గదిలో బంధించి చెబుతున్నాం, ఆ కారణంగానే దాని విలువ పిల్లలకూ తెలియడం లేదు, తల్లిదండ్రులకూ తెలియడం లేదు. దక్షిణ తెలంగాణలో పుట్టినవాడికి ఇది మరీ అన్యాయం, ఎందుకంటే ఈ సబ్జెక్టు ప్రయోగశాల మన ఊళ్ల నడుమనే పొగ కక్కుతూ నిలబడి ఉంది.

మా నాయిన మిర్యాలగూడలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసేవాడు. బడి సెలవుల్లో నేను అన్నం గిన్నె తీసుకుని వెళ్లేవాణ్ణి. వేడినీళ్ల ట్యాంకులో వడ్లు దాదాపు 70 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటలు నానేవి. ఆ తర్వాత ఆవిరి పట్టేవారు, ఆపైన డ్రయ్యరులోకి ఎక్కించేవారు. నానిన వడ్ల పులిసిన వాసన మిల్లు గేటు దాటి రోడ్డు దాకా వచ్చేది. డ్రయ్యరు కింద నుంచి మా నాయిన గుప్పెడు గింజలు తీసి, ఒకదాన్ని పొట్టు వలిచి పంటి కింద పెట్టేవాడు. మెత్తగా అణిగితే ఇంకా ఆగాలి. కటుక్కుమంటే దించవచ్చు. అణిగీ అణగకుండా మధ్యలో ఏదో ఒక శబ్దం వస్తే మాత్రం తల ఒకవైపు వంచి ఆలోచించేవాడు. ఆయనకు తేమ శాతం అనే మాట తెలియదు, అయినా 14 శాతం దగ్గర ఆపేవాడు.

ఇప్పుడు అదే మిల్లును కాగితం మీద పెడదాం. ఆవిరి పట్టిన వడ్లు 1,000 కిలోలు ఉన్నాయనుకుందాం, అందులో 32 శాతం నీరు. దాన్ని 14 శాతానికి దించాలి. ఎంత నీరు పోవాలి? ఎవరినడిగినా 32లోంచి 14 తీసేసి 180 కిలోలు అంటారు. అది తప్పు. మారనిది నీరు కాదు, ఎండు పదార్థం. అది 680 కిలోలు. ఎండాక ఆ 680 కిలోలే మొత్తం బరువులో 86 శాతం కావాలి గనుక వడ్లు దాదాపు 791 కిలోలకు దిగుతాయి, అంటే పోయిన నీరు 209 కిలోలు. ఆ నీటిని ఆవిరి చేయడానికి కిలోకు 2,260 కిలోజౌళ్ల చొప్పున నాలుగు లక్షల డెబ్బై వేల కిలోజౌళ్లకు పైగా వేడి కావాలి. కిలో ఊక కాలితే సుమారు 13,000 కిలోజౌళ్లు వస్తాయి కాబట్టి, ఏమీ వృథా కాకపోతే 36 కిలోల ఊక చాలు. బాయిలరులో, పైపుల్లో, డ్రయ్యరులో పోయేది పోగా దానికి రెండు మూడు రెట్లు కావచ్చు. అయినా వడ్ల బరువులో ఐదో వంతు ఊకే గనుక, ఆ 791 కిలోల నుంచి వచ్చే ఊక 150 కిలోలు దాటుతుంది. మిల్లు తన పొట్టుతో తానే నడుస్తుంది. ఆ ఊక కాలగా మిగిలే బూడిదలో ఎక్కువ భాగం సిలికా. దాన్ని రోడ్డు పక్కన గుట్టలుగా పోయడం తప్ప చాలాకాలం ఎవరికీ ఇంకో దారి తోచలేదు, గాలి వీస్తే ఆ బూడిద కళ్లలో పడేది.

ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో, పరీక్షలో, సరిగ్గా ఇలాంటి లెక్కకు నేను 180 అని రాసిన వాణ్ణి. వడ్ల గురించి అడిగి ఉంటే బహుశా తప్పేవాణ్ణి కాదు. ఆ ప్రశ్న ఎక్కడో కాగితపు గుజ్జును ఎండబెట్టడం గురించి, కాగితపు గుజ్జు నేను ఆ రోజు దాకా చూసింది లేదు. మాకు పాఠం చెప్పినవారి తప్పు కూడా కాదది, పుస్తకంలో ఏముంటే అది చెప్పారు. డిస్టిలేషన్ అంటే ఎప్పుడూ బెంజీను, టోల్యూయిను. 1925లో మెక్‌కేబ్, థీల్ అనే ఇద్దరు చూపిన పద్ధతిలో గ్రాఫు మీద మెట్లు గీసి, మరిగించి వేరుచేసే నిలువు గొట్టంలో, అంటే కాలమ్‌లో, ఎన్ని రంధ్రాల పళ్లేలు, అంటే ప్లేట్లు, కావాలో లెక్కపెట్టేవాళ్లం. మెట్లు అందంగా గీసినవాడికి పదికి పది. అసలు ప్లేటు ఎలా ఉంటుందో, దాని రంధ్రాలు మూసుకుపోతే పైన ఏం జరుగుతుందో, ఆ కాలమ్ ఎక్కి చూసినవాడు మా తరగతిలో ఒక్కడూ లేడు. ఇండస్ట్రియల్ విజిట్ అని మూడో సంవత్సరంలో ఒకరోజు బస్సులో తీసుకుపోయారు. అరవై మందిమి హెల్మెట్లు పెట్టుకుని వరుసగా నడిచి, క్యాంటీన్‌లో ఉప్మా తిని వచ్చాం.

ఈ శాస్త్రం పుట్టుక మాత్రం ఇలా లేదు. జార్జ్ డేవిస్ అనే ఆయన ఇంగ్లండులో క్షార పరిశ్రమల మీద తనిఖీ అధికారిగా పనిచేశాడు. ఫ్యాక్టరీల నుంచి వచ్చే ఆమ్లపు పొగలను అదుపు చేయడానికి తెచ్చిన చట్టం కింద ఊరూరూ, ఫ్యాక్టరీ ఫ్యాక్టరీ తిరిగాడు. సబ్బు చేసేచోట, సోడా చేసేచోట, రంగులు చేసేచోట తయారయ్యే సరుకు వేరైనా చేసే పనులు మాత్రం అవే: కలపడం, వడకట్టడం, ఎండబెట్టడం, మరిగించి వేరుచేయడం. దీన్ని ఒక చదువుగా చెప్పవచ్చని ఆయనకు తోచింది. 1887లో మాంచెస్టరులో ఉపన్యాసాలు మొదలుపెట్టాడు, మరుసటి ఏడాది అమెరికాలో ఎంఐటీ డిగ్రీ కోర్సుగానే తెచ్చింది. 1915లో ఆర్థర్ లిటిల్ ఈ పనులకు యూనిట్ ఆపరేషన్స్ అని పేరు పెట్టాడు. ఆ తర్వాతి ఏడాదే ఎంఐటీ తన విద్యార్థులను కొన్ని నెలలపాటు ఫ్యాక్టరీల్లోనే ఉంచి చదివించే ప్రాక్టీస్ స్కూలు తెరిచింది. మన దేశంలో ఈ చదువు 1921లో జాదవ్‌పూర్‌లో హీరాలాల్ రాయ్ చేతుల మీదుగా మొదలైంది. పిలానీలోని బిట్స్ 1973లో ప్రాక్టీస్ స్కూలు పద్ధతిని తెచ్చుకుంది. ఒక కాలుష్య తనిఖీ అధికారి కాళ్లరిగేలా తిరిగి పోగుచేసిన చదువును బెంచీ మీద కూర్చోబెట్టి చెప్పి, ఇది మీకు ఎందుకు అర్థం కాలేదని పిల్లల్ని అడగడం నాకు ఎప్పుడూ విడ్డూరంగానే ఉంటుంది.

దాని ఫలితం ఎలా ఉంటుందో నేను నా మీదే చూశాను. మొదటి ఉద్యోగం చౌటుప్పల్ వైపు ఒక బల్క్ డ్రగ్, అంటే మందుల ముడిసరుకు తయారుచేసే, యూనిట్లో, ప్రొడక్షన్‌లో. ఒక కొత్త ప్రాడక్టు ల్యాబ్ నుంచి ప్లాంటుకు వచ్చింది. ల్యాబ్‌లో ఐదు లీటర్ల ఫ్లాస్కులో, ఐసు గిన్నెలో పెట్టి, ఒక రీఏజెంటును చుక్కచుక్కగా రెండు గంటల్లో కలిపారు. బ్యాచ్ షీటులో కూడా రెండు గంటలనే రాసి ఉంది. ఇక్కడ పాత్ర ఐదు వేల లీటర్ల జీఎల్ఆర్, అంటే లోపల గాజు పూత ఉన్న ఉక్కు రియాక్టరు. పరిమాణం వెయ్యి రెట్లు పెరిగితే, వేడిని బయటికి తోసే గోడ వైశాల్యం వంద రెట్లే పెరుగుతుంది, అంటే ప్రతి లీటరుకూ దక్కే గోడ పదో వంతుకు పడిపోతుంది. ఈ మాట నాకు తెలియనిదేమీ కాదు, దీని మీద పదిహేను మార్కుల ప్రశ్నకు సమాధానం రాసి వచ్చినవాణ్ణే. సీ షిఫ్టు, రాత్రి రెండు దాటింది. నేను క్యాబిన్‌లో కూర్చుని షీటులో సంతకాలు పెడుతున్నాను. పక్క ఊరి నుంచి వచ్చే ఆపరేటరు, పదో తరగతి దాటని మనిషి, నన్ను అడగకుండానే రీఏజెంటు కలిపే అడిషన్ వాల్వు కట్టేశాడు. నేను కోపంగా వెళ్తే ఆయన మాట్లాడకుండా రియాక్టరును చల్లబరిచే ఉప్పునీరు, అంటే బ్రైన్, తిరిగివచ్చే పైపును చూపించాడు. ఎప్పుడూ తెల్లగా మంచు పట్టి ఉండే పైపు నల్లగా, తడిగా, బొట్లు కారుస్తూ ఉంది. లోపల 10 డిగ్రీలు దాటకూడని ఉష్ణోగ్రత 38కి చేరింది, ఇంకా ఎక్కుతోంది. అడిషన్ ఆగింది కాబట్టి నలభై దాటాక మెల్లగా దిగింది. ఆ రాత్రి ఏమీ జరగలేదు. నాకు సమీకరణం తెలుసు, ఆయనకు పైపు తెలుసు. ఆ రెండూ ఒకే మనిషిలో ఉండేలా చూడటం డిగ్రీ బాధ్యత అని నేను నమ్మడం ఆ రాత్రి నుంచి మొదలైంది.

ఏమీ జరగని రాత్రులు లెక్కలోకి రావు, జరిగినవే చరిత్రకెక్కుతాయి. 1984 డిసెంబరులో భోపాల్‌లో మిథైల్ ఐసోసయనేట్ ట్యాంకులోకి నీరు చేరి పుట్టిన వేడిని ఆపవలసిన ఏర్పాట్లేవీ పనిచేయలేదు. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ ట్యాంకు వేడెక్కి ఆవిరి ఊళ్లోకి పాకింది, పన్నెండు మంది చనిపోయారు. స్టైరీన్ నిల్వలో చల్లదనం తగ్గి, చర్యను అణిచిపెట్టే నిరోధకం కూడా తరిగిపోతే దాని అణువులు ఒకదానికొకటి తగులుకుని గొలుసు కట్టడం మొదలవుతుంది. ఆ గొలుసు వేడిని పుట్టిస్తుంది, ఆ వేడి గొలుసును ఇంకా తొందరపెడుతుంది. మూడో సంవత్సరం రియాక్షన్ ఇంజినీరింగ్‌లో ఇది మామూలు పాఠమే. కానీ మాకు ఆ పాఠాన్ని చెప్పినప్పుడు ఏ ఊరి పేరూ చెప్పలేదు.

ఉద్యోగాల మాట ఎత్తకుండా ఈ వ్యాసం ఎవరూ చదవరు గనుక అది కూడా. మొదట్లో వచ్చే జీతం సాఫ్ట్‌వేర్ జీతం కంటే తక్కువ, ఎదుగుదల నెమ్మది, షిఫ్టులు తప్పవు, సాల్వెంటు వాసన బట్టల్లోంచి పోదు. గేట్ రాసి ఎంటెక్ చేయడం, చమురు సంస్థల్లోకి వెళ్లడం, డిజైన్ సంస్థల్లో చేరడం అనే దారులున్నాయి, వాటికి పోటీ ఉంది. ఆడపిల్లల విషయంలో మా బావలాంటివాళ్లు భయపడేది రాత్రి షిఫ్టు గురించే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఉదయం ఆరుకు ముందూ రాత్రి ఏడు తర్వాతా ఆడవాళ్లు ఫ్యాక్టరీలో పనిచేయకూడదని పెట్టిన నియమానికి క్రమంగా షరతులతో సడలింపులు వచ్చాయి. అయినా కంపెనీలు ప్రొడక్షన్‌కు మగపిల్లల్నే తీసుకునే అలవాటు పోలేదు. ప్రాసెస్ డెవలప్‌మెంటులో, సేఫ్టీలో, డిజైన్‌లో మాత్రం నాతో కలిసి పనిచేసిన అత్యంత సమర్థులైన ఇంజినీర్లలో ఆడవాళ్లు ఉన్నారు. ఈ రంగం మీద నాకు లోకువ లేకపోవడానికి ఇంకో కారణం హైదరాబాదు మందుల పరిశ్రమ చరిత్రే. 1970 పేటెంటు చట్టం మందుకు కాకుండా మందును తయారుచేసే పద్ధతికే పేటెంటు ఇచ్చింది. అంటే, అదే మందును వేరే దారిలో, చవకగా చేయగలిగినవాడికి తలుపు తెరుచుకుంది. ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసి 1984లో డాక్టర్ రెడ్డీస్ అనే సొంత సంస్థ పెట్టిన కె. అంజిరెడ్డి పుణెలోని నేషనల్ కెమికల్ లాబొరేటరీలో కెమికల్ ఇంజినీరింగ్‌లోనే పీహెచ్‌డీ చేశాడు. ఈ నగరాన్ని మందుల రాజధాని చేసింది కొత్త అణువుల కంటే ఎక్కువగా తయారీ పద్ధతి మీద ఉన్న పట్టు.

ఇక మన జిల్లాల సంగతి. వాడపల్లి, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సున్నపురాయి ఉంది గనుక సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. వంద టన్నుల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే, బొగ్గు పొగ సంగతి పక్కన పెట్టినా, రాయిలోంచే 44 టన్నుల బొగ్గుపులుసు వాయువు లేచిపోతుంది. మిర్యాలగూడ చుట్టూ మిల్లులు, చిట్యాల, చౌటుప్పల్ దారిలో రసాయన యూనిట్లు, జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలు, దామరచర్లలో కొత్త థర్మల్ కేంద్రం. వీటిలో మన పల్లెలవాళ్లు ఎక్కడ కనిపిస్తారు? భూమి పోగొట్టుకున్నవారిగా, కాంట్రాక్టు కూలీగా, సెక్యూరిటీ గేటు దగ్గర, లేదంటే బోరునీళ్లు రంగు మారాయని కలెక్టరేటుకు అర్జీ పట్టుకెళ్లేవారిగా. 2024లో లగచర్లలో ఫార్మా కోసం భూసేకరణ మీద రగిలిన కోపం వెనక ఈ అనుభవమంతా ఉంది. ఆ కోపం తప్పని నేను అనలేను. కానీ ఫ్యాక్టరీ వ్యర్థజలాలను శుద్ధిచేసే ఈటీపీలోకి ఎంత వెళ్తోంది, బయటికి ఎంత వస్తోంది, మధ్యలో మాయమైంది ఎక్కడికి పోయిందని అధికారి ముందు కాగితం మీద లెక్క వేసి అడగగలిగినవాడు ఆ ఊళ్లోనే ఒకడుంటే, ఆ అర్జీకి వచ్చే జవాబు వేరుగా ఉంటుంది.

ఫ్లోరైడు సంగతి మరీ చిత్రం. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో వంకర తిరిగిన కాళ్లు చూస్తూ పెరిగిన తరం మాది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించిన ఫ్లోరైడు తొలగింపు విధానానికి ప్రపంచమంతా నల్లగొండ పద్ధతి అనే పేరు ఉంది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు వేసి, మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా కలిపితే తెల్లటి తుంపులు కట్టి ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు దిగుతాయి, పైనీటిని వడకట్టుకోవాలి. టాంజానియాలో, ఇథియోపియాలో కూడా దీన్ని వాడారు. పటిక మోతాదు ఎంత, ఆ అడుగు మడ్డిని ఎక్కడ పారబోయాలి, నీటిలో అల్యూమినియం ఎంత మిగులుతుంది అన్న చిక్కుల వల్లనే పల్లెల్లో దాన్ని నిలబెట్టడం కష్టమైంది. కలపడం, తేర్చడం, వడకట్టడం, మిగిలినదాన్ని లెక్కచూడటం, ఇందులో కెమికల్ ఇంజినీరింగ్ కానిది ఏముంది? మా నాలుగేళ్ల తరగతుల్లో నల్లగొండ అనే మాటను ఎవరూ ఒక్కసారి పలకలేదు. ఆ పద్ధతికి ఆ పేరుందని నాకు ఉద్యోగంలో చేరాక, ఒక నీటి శుద్ధి కాగితంలో చదివితే తెలిసింది. ఆ రోజు కాస్త సిగ్గుపడ్డాను కూడా.

అందుకే నా వాదన మరిన్ని సీట్ల కోసం కాదు, ఉన్న సీట్లలో జరిగే చదువు గురించి. హైదరాబాదులో, వరంగల్‌లో ఈ డిగ్రీ చెప్పే కాలేజీలు ఒక సెమిస్టరును పూర్తిగా ప్లాంటులో గడిపేలా చేయాలి. ప్లాంటు అంటే ఏసీ కంట్రోల్ రూము ఉన్న పెద్ద కంపెనీయే కానక్కరలేదు, మిర్యాలగూడ మిల్లు చాలు. ముగ్గురు పిల్లలు ఒక మిల్లులో మూడు నెలలు ఉండి, లోపలికి వచ్చిన ప్రతి కిలో నీటికీ, ప్రతి కిలో ఊకకూ జమాఖర్చు రాస్తే, ఆ నివేదిక మిల్లు యజమానికి కూడా డబ్బు మిగులుస్తుంది. 2007లో నల్లగొండలో పుట్టిన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, 2008లో పుట్టిన పాలమూరు విశ్వవిద్యాలయం రెండింటిలోనూ కెమిస్ట్రీ పీజీ ఉంది. అక్కడి పిల్లలు ఎలాగూ ఈ యూనిట్లలోనే కెమిస్టులుగా చేరుతున్నారు. వాళ్లకు ల్యాబ్‌లో చేసినదాన్ని ప్లాంటు స్థాయికి పెంచే స్కేల్ అప్ గురించీ ఉష్ణ ప్రసారం గురించీ రెండు పేపర్లు చెబితే, రాత్రి రెండు గంటలకు పైపు మీద మంచు కరగడం అంటే ఏమిటో వాళ్లకు అర్థమవుతుంది. కంపెనీలు పిల్లల్ని లోపలికి రానివ్వవని, రహస్యాలు బయటపడతాయని భయపడతాయని అంటారు. మందుల కంపెనీల విషయంలో అది కొంత నిజం. వడ్లు ఎండబెట్టడంలో మాత్రం దాచడానికి రహస్యమేమీ లేదు.

మేనకోడలికి ఇదంతా చెప్పలేదు. చెబితే వినేది కాదు, వినవలసిన అవసరమూ లేదు. మరునాడు పొద్దున మా నాయిన ఆమెను పాత మిల్లుకు తీసుకుపోయాడు, వెంట నేనూ వెళ్లాను. డ్రయ్యరు దగ్గర ఆయన ఒక గింజను ఆమె అరచేతిలో పెట్టి కొరకమన్నాడు. కొరికింది. "మెత్తగుంది తాతా." "ఇంకో గంట," అన్నాడాయన. ఇంటికి వచ్చి నేను పైన రాసిన లెక్కంతా ఆమె పుస్తకంలో వేసి చూపించాను, 36 కిలోల ఊక దాకా. ఆమె దాన్ని చాలాసేపు చూసి పెన్సిలు కింద పెట్టింది.

"మామా, నానబెట్టే నీళ్లు గూడ ఈ బాయిలరుతోనే గదా వేడి చేసేది? దాని ఊక ఏడబోయింది?"

ఆ లెక్క నేను వేయలేదు. నీళ్లు ఎంత పోస్తారో, ఎంత వేడి మీద ట్యాంకులోకి వదులుతారో మా నాయిన్ని అడగడానికి ఆమె లోపలికి వెళ్లింది. ఆప్షన్లు పెట్టడానికి ఇంకా మూడు రోజుల గడువు ఉంది.